ఫోరామెన్ ఓవేల్ పక్కన మరో రంధ్రం: పుర్రె అడుగుభాగంలోని తేడాలు శస్త్రచికిత్సకు ఎంతవరకు అక్కరకొస్తాయి?

బోన్‌సెట్ రాశారు:

అందరికీ నమస్కారం. నేను అనాటమీలో పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా విభాగంలో ఏళ్ల తరబడి పోగుపడిన ఎండు పుర్రెలను దుమ్ము దులిపి, నంబర్లు వేసి, కొత్త బీరువాలో సర్దే పని నాకు అప్పగించారు. నిన్న సాయంత్రం ఒక పుర్రె పైకప్పు తీసి లోపలి నుంచి చూస్తుంటే, స్ఫీనాయిడ్ ఎముక పెద్ద రెక్కలో, దవడకు వెళ్లే నరం బయటికి వచ్చే రంధ్రమైన ఫోరామెన్ ఓవేల్‌కు కాస్త ముందుగా లోపలి వైపున, రెండు పక్కలా ఒక్కో చిన్న రంధ్రం కనిపించింది. కుడి రంధ్రం అంచు నున్నగా ఉంది. ఎడమది కొంచెం గరుకుగా అనిపించింది. పుస్తకం తిరగేస్తే ఇది ఫోరామెన్ వెసాలియస్ కావచ్చని, అందరిలోనూ ఉండదని, ఉన్నవారిలో కూడా చాలామందికి ఒక పక్కనే ఉంటుందని, పుర్రె బయటి టెరిగాయిడ్ సిరల వలను, పుర్రె లోపల సిర రక్తం నిండి ఉండే కావెర్నస్ సైనస్‌తో కలిపే ఒక చిన్న ఎమిస్సరీ సిర దాని గుండా పోతుందని తెలిసింది.

ఇలాంటి తేడాలను లెక్కపెట్టి థీసిస్ చేయమని మా గైడ్ మేడమ్ సలహా ఇచ్చారు. అయితే సర్జరీలో ఉన్న నా స్నేహితుడు ఆ మాట విని నవ్వాడు. "ప్రతి రోగికీ సీటీ తీసే చూస్తాం కదా, ఎవరిదో తెలియని పుర్రెలో ఎన్ని రంధ్రాలుంటే మాకేం?" అన్నాడు. వెంటనే జవాబు తోచలేదు. శస్త్రచికిత్స చేసేవారు, సీటీలు చదివేవారు ఈ వేదికలో ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఈ లెక్కలు మీ చేతికి ఎప్పుడైనా అక్కరకొచ్చాయా?

గాసెరియన్ రాశారు:

నేను న్యూరోసర్జన్‌ను. మీరు చూసిన రంధ్రంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఫోరామెన్ ఓవేల్ మా పనిలో రోజూ వచ్చే తలుపు.

ముఖంలో కరెంటు షాకులాంటి నొప్పి పుట్టించే ట్రైజెమినల్ న్యూరాల్జియా మందులకు లొంగనప్పుడు, చెంప గుండా సూది పంపి ట్రైజెమినల్ నరం ముడిని చేరుకునే పద్ధతులు మూడున్నాయి. వేడితో నరపు పోగులను కాల్చడాన్ని 1974లో స్వీట్, వెప్సిక్ వివరించారు. గ్లిసరాల్ ఎక్కించడాన్ని 1981లో హాకన్‌సన్, బెలూన్‌తో నొక్కడాన్ని 1983లో ముల్లన్, లిక్టర్ ప్రచురించారు. చివర్లో చేసే పని మూడింటిలోనూ వేరైనా దారి మాత్రం ఒకటే. పెదవుల మూల నుంచి సుమారు రెండున్నర, మూడు సెంటీమీటర్లు పక్కగా గుచ్చి, ముందు నుంచి చూస్తే కంటిపాప లోపలి అంచు వైపుగా, పక్క నుంచి చూస్తే చెవి ముందరి ట్రాగస్‌కు మూడు సెంటీమీటర్లు ముందున్న బిందువు వైపుగా సూదిని నడిపిస్తాం. ఇది హార్టెల్ చూపిన దారి. ఎక్స్‌రే తెర సాయం ఉన్నా, సూది మొన ఎముకను తాకి, వెతుక్కుని, ఒక్కసారిగా లోపలికి జారే ఆ క్షణంలో చేతికి తెలిసేది ఎక్కువ, కంటికి కనిపించేది తక్కువ.

ఫోరామెన్ ఓవేల్ పెద్దవారిలో పొడవున ఇంచుమించు ఏడు మిల్లీమీటర్లు, వెడల్పున మూడు నాలుగు ఉంటుంది. ఆకారం మాత్రం అందరికీ గుడ్డులా ఉండదు. కొందరికి బాదంగింజలా, కొందరికి గుండ్రంగా, అరుదుగా కొందరికి సన్నని చీలికలా ఉంటుంది. చీలికలా ఉన్నవారిలో మంచి సూది కూడా ఎముకకు కొట్టుకుని ఆగిపోతుంది. దానికితోడు మీ వెసాలియస్ రంధ్రం పక్కనే ఉంటే, కాస్త ముందుకీ లోపలికీ జారిన సూది దానిలోకి దూరి "దొరికింది" అన్న భ్రమ కలిగించవచ్చు. అప్పుడు మొన చేరేది నరం ముడిని కాదు, కావెర్నస్ సైనస్‌ను. సూదిలోంచి నల్లటి సిర రక్తం వస్తే వెంటనే వెనక్కి తీయాలని మాకు నేర్పుతారు. ఆ రక్తం ఎక్కడి నుంచి రావచ్చో తెలిసినవాడికి మాత్రమే ఆ పాఠం పూర్తిగా అర్థమవుతుంది.

ఇంకొక అడ్డంకి మీ ఎముకల్లోనే వెతకండి. లాటరల్ టెరిగాయిడ్ పలక నుంచి వెనక్కి స్ఫీనాయిడ్ ముల్లు వరకు ఒక బంధకం ఉంటుంది. అది కొందరిలో ఎముకగా మారి వంతెన కడుతుంది. దాని కింద మిగిలేదే సివినీనీ రంధ్రం. పెద్ద రెక్క అడుగుకు అదే విధంగా మరో వంతెన కూడా కట్టుకోవచ్చు. ఈ వంతెనలు ఫోరామెన్ ఓవేల్ వాకిలికి అడ్డంగా గడియ పెట్టినట్టు ఉంటాయి. ముఖంలోని మాండిబ్యులర్ నరానికి మత్తు ఇచ్చే దంతవైద్యులకూ ఇవి తగులుతాయి.

మీ స్నేహితుడికి చెప్పండి, సీటీ తీసిన మాట నిజమే. కానీ ఏం వెతకాలో తెలియనివాడికి సీటీలో అన్నీ నల్లచుక్కలే.

ఎండోస్కోపు రాశారు:

గాసెరియన్ సర్ చెప్పినదాంట్లో చివరి వాక్యంతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే థీసిస్ విషయంలో మాత్రం నాకు కొంత అసహనం ఉంది. మన దేశపు అనాటమీ పత్రికల్లో "ఎన్ని పుర్రెల్లో ఎన్ని రంధ్రాలు" అన్న వ్యాసాలు కోకొల్లలు. కొలతల పట్టిక ఉంటుంది, చివర్లో "ఈ ఫలితాలు శస్త్రవైద్యులకు ఉపయోగపడతాయి" అన్న వాక్యం తప్పకుండా ఉంటుంది. ఏ శస్త్రచికిత్సలో, ఏ అడుగులో, ఎలా అన్నది ఉండదు. ముక్కు, సైనస్ శస్త్రచికిత్స చేసే నాకు ఎలాంటి తేడాలు కావాలో చెబుతాను, మీరే పోల్చుకోండి.

మాకు అన్నిటికంటే భయం పుట్టించేది ఓనోడీ గది. హంగరీకి చెందిన ఓనోడీ పేరున్న ఈ గది నిజానికి వెనుకటి ఎథ్మాయిడ్ గాలి గదుల్లో చివరిది. అది స్ఫీనాయిడ్ సైనస్ (స్ఫీనాయిడ్ ఎముకలోని గాలి గది) పైకీ పక్కకీ ఎక్కి కూర్చున్నప్పుడు, ఆప్టిక్ నరం స్ఫీనాయిడ్ సైనస్ గోడలో కాక ఈ గది పక్క గోడలో ఉబ్బెత్తుగా పోతుంది. ఎథ్మాయిడ్ గదులను ఒక్కొక్కటిగా తెరుస్తూ "ఇక దీని వెనుక స్ఫీనాయిడ్ ఉంటుంది" అని నేరుగా వెనక్కి తోసేవాడు తోసేది కంటి నరాన్ని. అందుకే స్ఫీనాయిడ్ ఎప్పుడూ లోపలికీ కిందికీ ఉంటుందని మొదటి రోజునే చెబుతాం. వెనక్కి కాదు, కిందికి. ముక్కు రంధ్రం అంచు నుంచి సుమారు ఏడు సెంటీమీటర్ల లోతున, ముక్కు నేలకు దాదాపు ముప్పై డిగ్రీల కోణంలో, సుపీరియర్ టర్బినేట్‌కు లోపలి పక్కన దాని సహజ ద్వారం ఉంటుంది. ఆ ద్వారం కనిపించాకే సైనస్‌లోకి అడుగు పెట్టాలి.

తర్వాతది ముక్కు పైకప్పు. అక్కడ వాసన నరాలుండే ఆల్‌ఫాక్టరీ గుంట లోతును జాగ్రెబ్‌కు చెందిన కెరోస్ 1962లో మూడు రకాలుగా విడదీశాడు. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల లోతు ఉంటే మొదటి రకం, నాలుగు నుంచి ఏడు వరకు రెండోది, ఎనిమిది నుంచి పదహారు వరకు మూడోది. గుంట ఎంత లోతైతే దాని పక్కగోడ అంత పొడవు. ఆ పక్కగోడ పుర్రె అడుగు మొత్తంలో అతి పలుచని ఎముకల్లో ఒకటి, కాగితం కంటే మందం ఉండదు. మూడో రకం వారిలో సాధనం కాస్త లోపలికి తిరిగితే చాలు, ఆ గోడ పగిలి మెదడు చుట్టూ ఉండే సీఎస్‌ఎఫ్ ద్రవం ముక్కులోకి కారుతుంది. కుడి ఎడమలు ఒకే లోతున ఉంటాయన్న హామీ కూడా లేదు. ఒక పక్క సులువుగా ముగించి, అదే ధీమాతో రెండో పక్కకు వెళ్లినప్పుడే తప్పులు జరుగుతాయి.

ఇవి పనికొచ్చే తేడాలు. ప్రతి రంధ్రం చుట్టుకొలతా పనికొచ్చేది కాదు.

పాత డెమాన్‌స్ట్రేటర్ రాశారు:

ఎండోస్కోపు గారూ, మీ అసహనం అర్థమైంది. కానీ మీరు ఇప్పుడే చెప్పిన కెరోస్ 1962లో కొలిచింది దేన్ని? ఎండు పుర్రెలనే. అప్పటికి సీటీ యంత్రం లేదు. ఇవాళ మీరు ప్రతి సీటీ రిపోర్టులో రాయించుకునే ఆ అంకె మా బీరువాల్లోంచి వచ్చిందే. కాబట్టి లెక్కపెట్టడాన్ని నిందించకండి, ప్రశ్న లేకుండా లెక్కపెట్టడాన్ని నిందించండి.

ఎండోస్కోపు రాశారు:

ఒప్పుకుంటున్నాను సర్. మాట తూలినట్టుంది.

గాసెరియన్ రాశారు:

ఆ వరుసలో ఇంకొక ఉదాహరణ కూడా చెప్పాలి. పిట్యూటరీ గ్రంథిని ముక్కు గుండా చేరే శస్త్రచికిత్స అప్పటికే విస్తరిస్తున్న రోజుల్లో, 1975లో, రెన్, రోటన్ కలిసి 50 సెల్లా (ఆ గ్రంథి కూర్చునే ఎముక గుంట) ప్రాంతాలను మైక్రోస్కోపు కింద విడదీసి, ఈ దారికి చిక్కు తెచ్చే తేడాలు ఎంత తరచుగా ఉంటాయో రాశారు. మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని మీద స్ఫీనాయిడ్ సైనస్ వైపు ఎముకే లేనివి 4 శాతం. ఆప్టిక్ కాలువ ఎముకకు కన్నం ఉండి నరం సైనస్‌లోకి తెరుచుకున్నవి 4 శాతం. సెల్లా లోపల కెరోటిడ్లు మధ్యరేఖకు 4 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చినవి 10 శాతం. సెల్లా అడుగు మందంగా ఉన్నవి 18 శాతం. స్ఫీనాయిడ్ సైనస్‌లోని గాలి సెల్లా ముందే ఆగిపోయిన ప్రిసెల్లార్ రకం 20 శాతం. సైనస్‌ను విభజించే పెద్ద సెప్టం (అడ్డుగోడ) లేనివి 28 శాతం.

ఇందులో శాతాలను నేను గుర్తుపెట్టుకున్నది పరీక్ష కోసం. ఆపరేషన్ గదిలో గుర్తుకొచ్చేది వేరు. ఈ సెప్టం సంగతే చూడండి. సైనస్‌ను రెండుగా చీల్చే ఈ పలుచని గోడ చాలామందిలో మధ్యరేఖలో ఉండదు. ముందు మధ్యలో మొదలై వెనక్కి వెళ్లేకొద్దీ పక్కకు ఒరిగి, నేరుగా కెరోటిడ్ కాలువ మీద ముగుస్తుంది. దాన్ని మధ్యరేఖకు గుర్తుగా నమ్మినవాడు ధమని మీదికి వెళ్తాడు. పట్టుకారుతో పట్టి మెలితిప్పి లాగినవాడు గోడతోపాటు ధమని మీది ఎముక పెంకును కూడా ఊడదీస్తాడు. దాన్ని కోసే పట్టుకారుతోనో డ్రిల్‌తోనో కొద్దికొద్దిగా తగ్గించాలని ఇప్పుడు అందరూ అంటారు. ఆ జాగ్రత్త పుట్టింది సెప్టం ఎక్కడ ముగుస్తుందో ఎవరో ఓపికగా చూసి రాసినందువల్లే.

నేను శిక్షణలో ఉన్న రోజుల్లో ఒక ఆసుపత్రిలో ఇలాంటి సందర్భాన్ని దగ్గర నుంచి చూశాను. సీటీ ఉంది, కానీ అది నిలువు కోతల్లో మాత్రమే తీసి ఉంది. సెప్టం వెనుక కొస ఎటు పోతోందో అడ్డకోతల్లో ఎవరూ చూడలేదు. ఆ రోజు అదృష్టవశాత్తు ఎముక పెంకు కదిలినా ధమని తెగలేదు. ఆపరేషన్ అక్కడితో ఆపి, తెరిచిన దారి మూసి బయటికి వచ్చాం. ఆ తర్వాత నాకు అడ్డకోతలు చూడకుండా స్క్రబ్ చేసే ధైర్యం ఎప్పుడూ రాలేదు.

పొరలుపొరలుగా రాశారు:

నేను రేడియాలజీలో ఉన్నాను. ఇంతవరకు అందరూ సీటీ నిజం చెబుతుందన్న నమ్మకంతో మాట్లాడుతున్నారు. ఆ నమ్మకం మీదే నా అభ్యంతరం. బోన్‌సెట్ గారి స్నేహితుడి ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

సీటీ చిత్రంలో ప్రతి చుక్కా ఒక చిన్న ఘనపు డబ్బా. ఆ డబ్బాలో పడిన ఎముక, గాలి, మెత్తని భాగం అన్నీ కలిసి సగటుగా ఒకే రంగుగా కనిపిస్తాయి. డబ్బా కొలత కంటే ఎంతో పలుచని ఎముక పొర గాలి పక్కన ఉంటే, సగటులో అది కరిగిపోయి "ఇక్కడ ఎముక లేదు" అన్నట్టు చిత్రం వస్తుంది. అందుకే కెరోటిడ్ మీద, ఆప్టిక్ నరం మీద ఎముక లేదని మేము రాసే ప్రతి రిపోర్టులోనూ కొంత అబద్ధం ఉండే అవకాశం ఉంది. మిల్లీమీటరు లేదా అంతకంటే పలుచని కోతలు, ఎముకకు తగిన రీకన్‌స్ట్రక్షన్ వాడితే ఆ అబద్ధం తగ్గుతుంది గానీ మాయమవదు.

దీనికి నాకు తెలిసిన అత్యంత చక్కని ఉదాహరణ చెవి ఎముకలో ఉంది. లోపలి చెవిలోని పై అర్ధవృత్త నాళం మీద ఎముక కప్పు లేకపోతే, పెద్ద శబ్దాలు విన్నప్పుడు తల తిరగడం, తన గొంతు తనకే మారుమోగడం వంటి లక్షణాలు వస్తాయని మైనర్, ఆయన సహచరులు 1998లో వివరించారు. ఆ తర్వాత అందరం సీటీల్లో ఆ కన్నం కోసం వెతకడం మొదలుపెట్టాం, దొరకడమూ మొదలైంది. ఏ లక్షణమూ లేనివారిలో కూడా దొరికింది. మరి నిజంగా ఎంతమందికి ఉంటుంది? దానికి జవాబు సీటీ చెప్పలేదు. 2000లో కేరీ, మైనర్, నేగర్ కలిసి, అంతకుముందే కోసి భద్రపరచిన 1,000 టెంపోరల్ ఎముకలను మైక్రోస్కోపు కింద చూసి చెప్పారు. పూర్తిగా కన్నం ఉన్నవి 0.5 శాతం. కప్పు 0.1 మిల్లీమీటరుకు మించని పలుచదనంలో మిగిలినవి మరో 1.4 శాతం. ఆ పలుచని వాటిని సీటీ కన్నాలుగానే చూపిస్తుంది. ఆ ఎముకల లెక్క లేకపోతే మేము ఎంతమందికి లేని జబ్బును రాసి ఉండేవాళ్లమో ఊహించండి. ఆ నాళం తలంలోనే చిత్రాన్ని మళ్లీ కోసి చూడకుండా కన్నం ఉందని రాయకూడదన్న జాగ్రత్త వెనుకా ఆ లెక్క ఉంది.

అంటే సీటీ ఉన్నందువల్ల ఎముకల లెక్క అనవసరమైపోలేదు. సీటీని ఎంత నమ్మాలో చెప్పేది ఎముకే.

బోన్‌సెట్ రాశారు:

ఈ కోణం నాకు అసలు తట్టలేదు. ధన్యవాదాలు సర్. అయితే నా ఎండు పుర్రెల్లో కూడా అబద్ధం ఉండదా? కడిగేటప్పుడు, ఉడకబెట్టేటప్పుడు పలుచని ఎముక విరిగి రంధ్రంలా కనిపించే ప్రమాదం లేదా?

పాత డెమాన్‌స్ట్రేటర్ రాశారు:

ఉంది. తప్పకుండా ఉంది. నేను ముప్పై ఏళ్లు ఈ పుర్రెల మధ్యే గడిపాను, కాబట్టి కాస్త విస్తరించి చెబుతాను, విసుక్కోకండి.

మొదట రంధ్రం నిజమో కాదో తేల్చుకునే పద్ధతి. నిజమైన ఎమిస్సరీ రంధ్రం అంచు సిర చుట్టూ పెరిగిన ఎముక కాబట్టి నున్నగా, గుండ్రంగా, చుట్టూ ఉన్న ఎముక రంగులోనే ఉంటుంది. విరిగింది అయితే అంచు పదునుగా, లోపలి స్పంజి ఎముక కనిపిస్తూ, పాత పుర్రెలో కూడా తెల్లగా ఉంటుంది. తర్వాత దాని గుండా ఏదైనా పంపి చూడాలి. చీపురు ఈనె చాలామంది వాడతారు గానీ వెసాలియస్ రంధ్రానికి అది లావు. సన్నని రాగి తీగ కొసను మొద్దు చేసి పంపండి. నిజమైన రంధ్రమైతే తీగ కిందికి వచ్చి టెరిగాయిడ్ మొదలు దగ్గర, స్కాఫాయిడ్ గుంట పక్కన బయటపడుతుంది. బలవంతం చేయకండి. బలవంతంగా పంపితే లేని రంధ్రం మీరే చేసినవారవుతారు. నా కళ్లముందే ఒక విద్యార్థి అలా చేశాడు.

రెండోది, ఆ పుర్రె ఎవరిది అన్న ప్రశ్న. మీ స్నేహితుడు "ఎవరిదో తెలియని పుర్రె" అన్నాడు చూడండి, అది మాత్రం గట్టి దెబ్బే. మన కాలేజీల్లోని చాలా పుర్రెలకు వయసు తెలియదు, ఆడామగా అన్నది కూడా అంచనాయే. కొన్ని అయితే సీనియర్ల దగ్గర కొన్న బోన్‌సెట్లు చేతులు మారి మారి చివరికి విభాగానికి చేరినవి. విదేశాల సంగతి కూడా గొప్పగా ఏమీ లేదు. 1985లో మన ప్రభుత్వం మానవ ఎముకల ఎగుమతిని నిషేధించేదాకా, ప్రపంచమంతటి వైద్యకళాశాలలకు అస్థిపంజరాలు ఎక్కువగా వెళ్లింది మన దేశం నుంచే, అందులోనూ కలకత్తా మీదుగా. కాబట్టి ఏదైనా పాశ్చాత్య వ్యాసంలో "మా విభాగపు పుర్రెలు" అని ఉంటే, వాటిలో కొన్ని బెంగాల్, బీహార్ నుంచి వెళ్లినవి కావచ్చు. "భారతీయుల్లో ఇంత, ఐరోపావారిలో అంత" అన్న పోలికలు చదివినప్పుడల్లా నాకు లోలోపల నవ్వొస్తుంది. థీసిస్‌లో ఆ పోలిక పెట్టే ముందు పుర్రెలు ఎక్కడివో రాశారా అన్నది చూడండి.

శ్రీకాకుళం చదువరి రాశారు:

నేను వైద్యుణ్ణి కాదు. ఈ వేదికను అప్పుడప్పుడు చదువుతుంటాను. మా అమ్మగారికి కుడి చెంపలో ఆ కరెంటు నొప్పి ఆరేళ్లుగా ఉంది. కార్బమజెపిన్ మోతాదు పెంచితే తల తిరిగి పడిపోతున్నారు. ఇప్పుడు బెలూన్ పద్ధతి గురించి చెప్పారు. గాసెరియన్ గారు రాసింది చదివాక నిద్ర పట్టలేదు. ఆ అదనపు రంధ్రం ఉందో లేదో మేము ముందే చూడమని అడగాలా?

గాసెరియన్ రాశారు:

మీకు భయం కలిగించినందుకు క్షమించండి. నేను రాసింది విద్యార్థి కోసం కాబట్టి ప్రమాదాలనే ఎంచి రాశాను. ఈ సూది పద్ధతులు దశాబ్దాలుగా ఎంతోమందికి చేస్తున్నవి, తెర మీద రంధ్రాన్ని చూస్తూనే చేస్తారు. అమ్మగారి విషయంలో నిర్ణయం ఆమెను పరీక్షించిన వైద్యుడే చెప్పాలి, ఇక్కడ నుంచి నేను చెప్పడం సరికాదు. కానీ మీరు అడగదగిన ప్రశ్నలు ఉన్నాయి. నరాన్ని నొక్కుతున్న రక్తనాళం ఎంఆర్‌ఐలో కనిపించిందా, పుర్రె తెరిచి ఆ నాళాన్ని పక్కకు జరిపే ఆపరేషన్‌కు ఆమె ఆరోగ్యం సరిపోతుందా, పుర్రె అడుగుకు పలుచని కోతల సీటీ తీశారా, అందులో ఫోరామెన్ ఓవేల్ ఆకారం చూశారా అని నిస్సంకోచంగా అడగండి. ఈ ప్రశ్నలకు విసుక్కునే సర్జన్ ఉండకూడదు.

శ్రీకాకుళం చదువరి రాశారు:

చాలా కృతజ్ఞతలు డాక్టరుగారు. కాగితం మీద రాసుకున్నాను.

పెట్రస్ రాశారు:

చెవి, పుర్రె అడుగు శస్త్రచికిత్సల వాణ్ణి. ఆలస్యంగా చేరాను. టెంపోరల్ ఎముక గురించి పొరలుపొరలుగా గారు చెప్పినదానికి ఒకటే కలుపుతాను. జుగులార్ రంధ్రం ఎక్కువమందిలో కుడి పక్క పెద్దది. దాంతోపాటు జుగులార్ బల్బు (మెడ సిర ఉబ్బెత్తు మొదలు) పైకి ఎగబాకి, ఒక్కోసారి మధ్య చెవి నేల మీద ఎముక కప్పు లేకుండా నీలంగా కనిపిస్తుంది. కర్ణభేరి వెనుక ఆ నీలం రంగు చూసి ద్రవం అనుకుని కోత పెట్టినవాడి పరిస్థితి చెప్పనక్కర్లేదు. వినికిడి నరం గడ్డ తీయడానికి వెనుక నుంచి వెళ్లేటప్పుడు కూడా ఎత్తైన బల్బు లోపలి చెవి కాలువ వెనుక గోడను డ్రిల్ చేసే జాగాను మింగేస్తుంది.

ఇంకొక తేడాను అనాటమీవారు తేలికగా పట్టగలరు. ఫోరామెన్ స్పైనోసమ్ ఒక పక్క లేకపోవడం. గర్భంలో కరిగిపోవలసిన స్టేపీడియల్ ధమని పుట్టాక కూడా మిగిలిపోయినవారిలో, మధ్య మెనింజియల్ ధమని ఆ రంధ్రం గుండా రాదు, కాబట్టి ఆ రంధ్రమే ఏర్పడదు. అంటే పుర్రె అడుగులో ఒక లోపం చూసి, చెవిలో స్టేపిస్ అనే చిన్న ఎముక కాళ్ల మధ్య నుంచి పోయే ఒక ధమనిని ఊహించవచ్చు. స్టేపిస్ ఆపరేషన్ చేయబోయేవాడికి ఇది ఎంత విలువైన సూచనో ఆలోచించండి. అయితే ఆ రంధ్రం లేని ప్రతివారిలోనూ ఈ ధమని ఉండదు. మధ్య మెనింజియల్ ధమని కంటి ధమని నుంచి పుట్టినప్పుడు కూడా అది కనిపించదు.

గాసెరియన్ రాశారు:

పెట్రస్ గారు చెప్పిన ఈ "లేని రంధ్రం" సూచన చక్కగా ఉంది. ఇదే కోవలో "ఉండకూడని వంతెన" ఒకటి చెప్పి ఊరుకుంటాను. సెల్లా పక్కన పొడుచుకొచ్చే ముందరి క్లినాయిడ్ అనే ఎముక కొమ్మును, దాని లోపల పక్కనుండే మధ్య క్లినాయిడ్‌ను కలిపే బంధకం ఎముకగా మారితే కెరోటిడ్ ధమని చుట్టూ ఎముక ఉంగరం ఏర్పడుతుంది. ఆప్టిక్ నరం దగ్గర కెరోటిడ్ గోడ బుడగలా ఉబ్బిన అన్యూరిజమ్‌లను క్లిప్ చేయడానికి ముందరి క్లినాయిడ్‌ను డ్యూరా (మెదడు మీది దళసరి పొర) బయటి నుంచీ లోపలి నుంచీ తీసే పద్ధతిని 1985లో డోలెంక్ వివరించాక ఇది మా రోజువారీ పనిలో భాగమైంది. ఉంగరం ఉన్నవారిలో ఆ కొమ్మును ఒకే ముక్కగా ఊపి తీస్తే ధమని చిరుగుతుంది. ఉంగరాన్ని ముందు డ్రిల్‌తో తెంచాలి. ఇక కొమ్ము లోపల ఎముకకు బదులు గాలి ఉంటే, అంటే స్ఫీనాయిడ్ సైనస్ ఆప్టిక్ స్ట్రట్ అనే చిన్న ఎముక కడ్డీ గుండా దానిలోకి విస్తరించి ఉంటే, కొమ్ము తీసిన చోట సైనస్ తెరుచుకుంటుంది. దాన్ని కొవ్వుతోనో కండతోనో మూయకుండా వస్తే, నాలుగు రోజుల తర్వాత రోగి వంగినప్పుడు ముక్కులోంచి నీళ్లు కారుతాయి. రెండూ పలుచని కోతల సీటీలో కనిపించేవే. ఉంగరం మాత్రం, అది ఉండొచ్చన్న సంగతి తెలిసినవాడికే కనిపిస్తుంది.

ఎండోస్కోపు రాశారు:

పిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు. స్ఫీనాయిడ్‌లో గాలి నిండటం చిన్నతనంలో మొదలై కౌమారం దాకా సాగుతుంది. కాబట్టి చిన్నపిల్లల్లో సెల్లా ముందు గట్టి ఎముకే ఎదురవుతుంది. దీన్ని కాంకల్ రకం అంటాం, పెద్దవారిలో ఇది అరుదు. ఒకప్పుడు ఇలాంటివారికి ముక్కు దారి పనికిరాదనేవారు. ఇప్పుడు డ్రిల్, నావిగేషన్ ఉన్నందువల్ల చేస్తున్నాం, కానీ కెరోటిడ్ ఉబ్బు, ఆప్టిక్ ఉబ్బు వంటి గుర్తులు ఏవీ కనిపించని ఎముకలో దారి తొలవాలి. మీ బీరువాలో పిల్లల పుర్రెలుంటే వాటిని విడిగా పెట్టండి.

వేదిక నిర్వాహకుడు రాశారు:

అట్లాస్ ఎముక పుర్రెకు అతుక్కుపోవడం, బేసిలార్ ఇన్‌వాజినేషన్ గురించి ఇద్దరు సభ్యులు పంపిన పెద్ద టపాలను మెడ, పుర్రె సంధికి వేరుగా ఉన్న చర్చలోకి మార్చాను. అక్కడ కొనసాగించగలరు.

పొరలుపొరలుగా రాశారు:

బోన్‌సెట్ గారికి ఒక ప్రతిపాదన. మీ గైడ్ మేడమ్ ఒప్పుకుంటే, మీ విభాగపు పుర్రెల్లో కొన్నిటికి మా దగ్గర యంత్రం ఖాళీగా ఉన్న వేళ పలుచని కోతల సీటీ తీద్దాం. మీరు తీగతో తేల్చినదీ, నేను పుర్రెను చూడకుండా తెర మీద చదివినదీ పక్కపక్కన పెడదాం. వెసాలియస్ రంధ్రం, క్లినాయిడ్ ఉంగరం, సివినీనీ వంతెన, ఆప్టిక్ కాలువ కన్నం, ఈ నాలుగు చాలు. ఎన్ని పుర్రెల్లో ఏముంది అన్నది మీ ప్రశ్నగా పెట్టుకోకండి. ఏ తేడాను సీటీ తప్పిస్తోంది, ఏ తేడాను లేకపోయినా చూపిస్తోంది అన్నది ప్రశ్నగా పెట్టుకోండి. ఎండు పుర్రెలో కండ, నీరు ఉండవు కాబట్టి బతికున్నవారి సీటీతో సూటిగా పోల్చలేం. ఆ పరిమితిని మొదటి పేజీలోనే రాద్దాం.

పాత డెమాన్‌స్ట్రేటర్ రాశారు:

దీనికి నేను కూడా వస్తాను. ఇద్దరు విడివిడిగా చూసి రాసుకోవాలి, ఒకరి అంకె మరొకరికి చెప్పకూడదు. ఒకే మనిషి చూస్తే సాయంత్రానికి ప్రతి పుర్రెలోనూ రంధ్రాలు కనిపిస్తాయి.

బోన్‌సెట్ రాశారు:

మేడమ్ ఒప్పుకున్నారు. పుర్రెలు బయటికి తీసుకెళ్లడానికి విభాగాధిపతి అనుమతి కోసం రాతపూర్వకంగా అర్జీ పెట్టాను.

ఈ రోజు పొద్దున ఆ మొదటి పుర్రెను మళ్లీ తీశాను. కుడి పక్క రంధ్రంలోంచి రాగి తీగ ఏ అడ్డూ లేకుండా జారి, సర్ చెప్పినట్టే స్కాఫాయిడ్ గుంట పక్కన బయటికి వచ్చింది. ఎడమ పక్క తీగ రెండు మిల్లీమీటర్లు పోయి ఆగింది. లెన్సు పెట్టి చూస్తే అంచు పదునుగా ఉంది, లోపల స్పంజి ఎముక తెల్లగా కనిపిస్తోంది. అది విరుపే. రిజిస్టరులో "రెండు పక్కలా" అన్న మాట కొట్టేసి, పక్కన "కుడి మాత్రమే" అని రాసి తేదీ వేశాను. అదే పుర్రెలో ఎడమ ముందరి క్లినాయిడ్ కొస నుంచి లోపలికి ఒక సన్నని ముల్లు పొడుచుకుని ఉంది. మధ్య క్లినాయిడ్‌ను చేరిందో లేదో నా కంటికి తేలడం లేదు. దాన్ని ఇంకా రిజిస్టరుకు ఎక్కించలేదు. సీటీ అయ్యేదాకా దాని గురించి ఎవరికీ చెప్పను, పొరలుపొరలుగా సర్‌కు అసలే చెప్పకూడదు కాబట్టి ఆయన ఈ చివరి మూడు వాక్యాలు చదవలేదనుకుంటాను.

పొరలుపొరలుగా రాశారు:

చదివేశాను. ఆ పుర్రెను పక్కన పెట్టి, మిగతావి తీసుకురండి.